గండికోటకు ఒకటే వాకిలి

జమ్మలమడుగులో బస్సు దిగినవాళ్ళు గండికోటకు పోవాలంటే పడమరగా ఇంకా పదిహేను కిలోమీటర్ల దాకా ప్రయాణం చెయ్యాలి. మాఘమాసం. ఊరు దాటగానే నల్లరేగడి చేలు. శనగ కోత అయిపోయి నేల నెర్రెలు విచ్చి ఉన్నది. కాసేపటికి ఆ నలుపు కాస్తా ఎరుపులోకి దిగుతుంది. రోడ్డు మెలికలు తిరుగుతూ ఎర్రమల కొండలెక్కుతుంది. ఇరువైపులా పలకలు పలకలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. చెట్టంటే తుమ్మ, రేగు, అంతే. ఇంత ఎండిపోయిన చోట కోట కట్టాలని ఎవరికి బుద్ధి పుట్టిందా అనుకుంటూ ఉండగానే కళ్ళ ఎదుట గోడ ప్రత్యక్షమవుతుంది.

లోపలికి పోయి, పావురాల గోపురం, జైలు, మాధవరాయస్వామి గుడి, మసీదు చూసుకుంటూ ఉత్తరంగా నడిస్తే నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద పెన్న. కన్నడదేశంలో నందికొండల దగ్గర పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే ఈ నది ఇక్కడ ఎర్రమలలను కత్తితో కోసినట్టు కోసుకుని పోయింది. మూడు వందల అడుగుల లోతంటారు. ఆ గండే కోటకు పేరయింది. వచ్చినవాళ్ళందరూ ఆ అంచున నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నేనూ నిలబడ్డాను. కాళ్ళలో వణుకు పుట్టి రెండడుగులు వెనక్కి వేశాను. గండి సంగతి అంతటితో సరి. ఈ లోయను గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఈసారి పనిగట్టుకుని చూడదలచుకున్నది కోట తలుపు.

కారణం చెప్పాలి. మా పెద్దక్కయ్య వాళ్ళది జమ్మలమడుగు. బావగారు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఇద్దరూ తిరుపతి పోయి మూడో రోజు తిరిగివస్తే ఇంట్లో దొంగలు పడి ఉన్నారు. వీధి తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉన్నది. గుప్పెడంత తాళం, ఎన్ని ఏళ్ళ నుంచో బావగారికి దాని మీద గొప్ప నమ్మకం. దొంగ దాని జోలికే పోలేదు. పెరటి గోడ దూకి, వెనక తలుపును భుజంతో నెట్టాడు. గొళ్ళెం బాగానే ఉన్నది, తలుపూ బాగానే ఉన్నది. గొళ్ళేన్ని ద్వారబంధానికి బిగించిన మరలు మాత్రం అరంగుళం పొడుగువి. అవి ఊడి వచ్చాయి. వెండి చెంబులు, కుందులు, పట్టుచీరలు నాలుగు, బీరువాలో ఉన్న నగదు పోయింది. బీరువా తాళంచెవి ఎక్కడున్నదంటారా? బీరువా మీదనే, పాత క్యాలెండరు కింద. మన ఇళ్ళలో సగం తాళంచెవులు అక్కడే ఉంటాయి. మిగిలిన సగం బియ్యం డబ్బాలో.

బంగారం బ్యాంకులో ఉన్నది కాబట్టి పెద్ద నష్టం తప్పింది. కాని ఐదు వారాల్లో చిన్నమ్మాయి పెళ్ళి. నగలు లాకరులోంచి తెచ్చి కనీసం మూడు రాత్రులు ఇంట్లో ఉంచుకోవాలి. అక్కయ్య రాత్రి పూట నిద్రపోవటం మానేసింది. పిల్లి గోడ దూకినా లేచి కూర్చుంటున్నది. బావగారేమో ధీమాగా, "దొంగలు పడిన ఇంటికి మళ్ళా ఎవరొస్తారప్పా? ఈడ ఏమీ లేదని వాళ్ళకు తెలిసిపాయ గదా" అంటారు. నేను కర్నూలు నుంచి పలకరించటానికి పోయాను. ఇంట్లో కూర్చుంటే అదే మాట తిప్పి తిప్పి మాట్లాడుకుంటున్నాము. అంచేత ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టించుకుని ముగ్గురమూ గండికోటకు బయల్దేరాము.

కోట ప్రవేశం తూర్పు వైపున. రోడ్డు మీద నుంచి చూస్తే వాకిలి ఎక్కడున్నదో ఒక పట్టాన తెలియదు. గోడలు ముందుకు వచ్చి దానిని దాచేస్తాయి. లోపలికి నేరుగా పోయే దారి లేదు, మలుపు తిరగాలి. ఏనుగు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపును కుమ్మాలంటే దానికి దూరం కావాలి గదా. ఆ దూరం దొరకకుండా కట్టారన్న మాట. తలుపులు దుంగలంత మందం కర్రతో చేసి, పైన ఇనుపరేకు తొడిగి, మేకులు దిగ్గొట్టారు. ఆ మేకుల మొనలు బయటికి పొడుచుకుని ఉంటాయి. ఏనుగైనా సరే, నుదురు ఆనించటానికి వెనకాడాలి.

బావగారు ఆ తలుపు పక్కన చాలాసేపు నిలబడ్డారు. మేకులను కాదు, తలుపు గోడకు పట్టుకుని ఉన్న చోటును చూస్తున్నారు. "ఏమప్పా, తలుపు ఎంత బరువుంటే దాన్ని పట్టుకున్న రాయి అంత లోపలికి పోయింటాది గదా. మనది చూస్తే అరంగుళం మర" అన్నారు. ఆయన ఆ అరంగుళం మాట ఎత్తటం దొంగతనం జరిగిన తరువాత అదే మొదటిసారి.

1123లో కాకరాజు అనే ఆయన ఇక్కడ మొదట మట్టికోట కట్టించాడని చెప్పుకుంటారు. మనకు కనిపించే వైభవమంతా తరువాతిది. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. మాధవరాయస్వామి గుడి గోపురం, ఇంకొంచెం దూరంలో రంగనాథస్వామి గుడి ఆ కాలాన్ని జ్ఞాపకం చేస్తాయి. పెద్ద మసీదు, దాని పక్కనే వంపు కప్పుతో ఊరంత ధాన్యపుకొట్టు గోలకొండవారి తరువాతి కాలాన్ని చెబుతాయి. గోలకొండ సుల్తాను వజీరు మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో గండికోటను పట్టుకున్నాడు. ఆ తరువాత కడప నవాబులు, హైదరాలీ, టిప్పు. 1791లో టిప్పుతో యుద్ధంలో కెప్టెన్ లిటిల్ అనే ఆంగ్లేయుడు దీనిని స్వాధీనం చేసుకున్నాడు.

మీర్ జుమ్లా కోటను పట్టుకున్న కొద్దికాలానికే, 1652లో, ఒక ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. పేరు టావెర్నియర్. గోలకొండ సుల్తానుకు అమ్మదలచిన సరుకును ముందు మీర్ జుమ్లాకు చూపించాలి కనక ఈ కొండెక్కాడు. ఆయన రాసిన యాత్రావృత్తాంతంలో గండికోట కథ చాలా ఉన్నది. కొండ పైకి దారి ఒకటే, అది కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే, పక్కన పాతాళం. పైన వరి, జొన్న పండే మైదానం, ఊటనీళ్ళు. ఊరికి మూడు వైపులా కొండచరియలే. మైదానం వైపు ఒక్క వాకిలి, దానికి చెక్కుడు రాళ్ళతో మూడు గోడలు, అగడ్తలు. కోట లోపలివాళ్ళు కాపలా కాయవలసినది నాలుగైదు వందల అంగల మేర మాత్రమేనట. ఇంతటి కోటలో ఉన్న ఇనుప ఫిరంగులు రెండంటే రెండు.

మరి ఎట్లా పోయింది? టావెర్నియర్ చెప్పేదేమంటే, మీర్ జుమ్లా తన దగ్గరున్న పరంగీ ఫిరంగివాళ్ళకు నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానని ఆశపెట్టి, ఎవరూ సాధ్యం కాదనుకున్న ఆ కొండ మీదికి ఫిరంగులను ఎక్కించాడు. వాకిలి మీదనే గురి పెట్టించాడు. మిగిలిన చోట్ల కొండే కాపలా గదా; అక్కడ అతనికేం పని? వాకిలి దెబ్బతినగానే లోపలివాళ్ళు మాట్లాడుకుని కోట అప్పగించారు. ఈ ప్రాంతపు వాళ్ళు చెప్పుకునే కథ వేరు. పొదిలి లింగన్న అనే మంత్రి శత్రువుతో కలిసిపోయి నాయకుడికి విషం పెట్టించాడని ఆ కథ. ఏది నిజమైనా నాకు ఫిరంగి కథే నచ్చింది. విషం కథలో తప్పంతా ఒక మనిషి మీద పడుతుంది. ఫిరంగి కథలో, "ఆ దారిన ఎవడూ రాలేడులే" అన్న నమ్మకం మీద పడుతుంది.

ఈ సంగతి చెబుతుంటే బావగారు మధ్యలో అందుకుని, "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నారో అక్కయ్యకు తెలుసు. చర్రున లేచింది.

"పదహారేండ్లుగా మన ఇంట్లో అంట్లు తోముతాండాది ఆ మనిషి. నీ జేబులో నుంచి పడిన డబ్బులు ఎన్నిసార్లు ఏరి చేతికిచ్చింది? పోలీసోళ్ళు అడిగితే దాని పేరు చెప్పినావంట. దానికి తెలిసింది. పని మానలేదు, నా ముందర ఏడ్చలేదు గూడా. ఆ గొళ్ళెం మర నువ్వే బిగించినావు. దాన్నెందుకు అంటావు?"

బావగారు ఏమీ మాట్లాడలేదు. నేను అక్కయ్య వైపే. అనుమానం చాలా చవక, ఇనుప మర కన్నా చవక. అందుకే ముందు దానినే వాడతాము. మన దేశంలో ఒకప్పుడు ఈ అనుమానాన్ని చట్టంగా కూడా రాశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల వాళ్ళను పుట్టుకతోనే దొంగలని లెక్క కట్టింది. మన వైపు ఎరుకలవారిని, ఇంకా కొందరిని, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, అప్పటి కర్నూలు జిల్లాలో సిద్ధాపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1952లో గాని ఆ చట్టం పోలేదు. ఆ పేర్లు పలికే ధోరణి చూస్తే చట్టం పోయినా దాని వాసన పూర్తిగా పోలేదనిపిస్తుంది. వాళ్ళను అట్లా లెక్క కట్టినందువల్ల ఏ ఇంటి తలుపూ ఒక్క అంగుళం గట్టిపడలేదు.

కాసేపు ఎవరమూ మాట్లాడుకోలేదు. ధాన్యపుకొట్టు నీడలో కూర్చుని పులిహోర తిన్నాము. తిండి పడేసరికి బావగారికి కోర్టు జ్ఞాపకం వచ్చింది. ఇల్లు పగలగొట్టటం అంటే చట్టంలో ఆరు విధాలు అన్నారు. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 445వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 330లోకి చేరింది. వేళ్ళు ముడుస్తూ చెప్పారు: దొంగ తానే దారి చేసుకుని రావటం, అంటే గోడకు కన్నం; మనుషులు రావటానికి కాని దారిన రావటం, గోడెక్కి దిగటం అందులోదే; ఇంటివాళ్ళు అనుకోని పద్ధతిలో దారి తెరవటం; తాళం తీసి రావటం; బెదిరించో కొట్టో రావటం; మూసిన దారి అని తెలిసి దాన్ని విప్పుకుని రావటం. చట్టం కిందనే ఉదాహరణలు కూడా ఇచ్చారట. తలుపు రంధ్రంలోంచి తీగ దూర్చి గడియ ఎత్తి వచ్చినా ఇల్లు పగలగొట్టినట్టే. మీరు పోగొట్టుకున్న తాళంచెవి దొరికించుకుని, దాంతో తలుపు తీసి వచ్చినా పగలగొట్టినట్టే.

"మన ఇంటికి వచ్చినోడిది ఎన్నో నంబరు?" అన్నది అక్కయ్య.

"గోడ దూకినాడు గాబట్టి రెండు. గొళ్ళెం ఊడబెరికినాడు గాబట్టి... మూడన్నా కావాల, ఆరన్నా కావాల." బావగారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. అక్కయ్య నవ్వింది. నేను వచ్చిన తరువాత ఆమె నవ్వటం అదే మొదలు.

కన్నం మాట వచ్చింది గనక ఒక సంగతి. మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడకు కన్నం వేసేముందు, కొలతాడు మరిచి వచ్చి జంధ్యంతో కొలుచుకుంటాడు. కన్నం ఏ ఆకారంలో ఉంటే బాగుంటుందని కూడా ఆలోచిస్తాడు. మట్టిగోడల కాలంలో దొంగకు గోడే సులువైన దారి. మన సీమ మిద్దెలకు ఆ భయం తక్కువ. రాతిగోడలు, చిన్న కిటికీలు. వాటికి బలహీనమైన చోటు పైనున్న గవాక్షం. వెలుతురు కోసం విడిచిన ఆ కంతకు కమ్మీలు వేయించనివాళ్ళు ఇంకా ఉన్నారు. గింజలను పాతరలో దాచుకోవటం కూడా ఒక రకంగా తాళమే. ఎక్కడున్నదో ఇంటివాళ్ళకు తప్ప తెలియదు.

తాళాన్ని పూర్తిగా నమ్మటం మనకు కొత్త. 1790లో లండనులో బ్రామా అనే ఆయన తన దుకాణం కిటికీలో ఒక తాళం పెట్టి, దీనిని తెరిచినవారికి 200 గినీలు ఇస్తానన్నాడు. అరవై ఏళ్ళు ఎవరి వల్లా కాలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికావాడు రెండు వారాల పైన కుస్తీ పట్టి తెరిచేశాడు. మన గోద్రెజ్ కంపెనీ 1897లో బొంబాయిలో మొదలైందీ తాళాలతోనే. అలీగఢ్ తాళాలు, దిండిగల్ తాళాలు ఎవరికి తెలియవు? కాని హాబ్స్ లాగా రెండు వారాలు తాళం ముందు కూర్చునే దొంగ జమ్మలమడుగులో లేడు. అతనికి పది నిమిషాలు కూడా ఎక్కువే. ఇంకో మాట. వీధి తలుపుకు బయట వేలాడే పెద్ద తాళం చేసే మొదటి పని, ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చెప్పటం. తలుపులోనే ఇమిడిపోయే తాళమయితే ఆ చాటింపు ఉండదు.

దొంగలకు ఇక్కడ పూర్వం ఏ శిక్ష ఉండేదో టావెర్నియర్ కళ్ళారా చూశాడు. మీర్ జుమ్లా గుడారంలో కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ళ సందునా చేతివేళ్ళ సందునా ఉత్తరాలు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయిస్తున్నాడు. అంతలో నలుగురు నేరస్థులను తెచ్చారు. వారిలో ఒకడు ఒక ఇంట్లో జొరబడి తల్లినీ ముగ్గురు పిల్లలనూ చంపినవాడు. వాడి కాళ్ళూ చేతులూ నరికించి దారి పక్క పొలంలో పడవెయ్యమన్నాడు. దారిదోపిడి చేసిన ఇంకొకడికి కడుపు చీల్చమన్నాడు. మిగిలిన ఇద్దరికీ తలలు పోయాయి. వాళ్ళ నేరమేమిటో టావెర్నియర్‌కు తెలియలేదు. ఇదంతా జరుగుతుండగానే భోజనాలు వడ్డించారు. ఆ శిక్షలకు భయపడవలసిన రోజుల్లోనూ ఒక తల్లి ఇంట్లోకి దొంగ వచ్చాడు. అది చదివినప్పటి నుంచి కఠినశిక్షలుంటే దొంగతనాలే ఉండవనే వాదం నాకు తలకెక్కటం మానేసింది. ఈ మాట అక్కయ్యకు చెప్పలేదు. ఆమె అప్పటికే తక్కువ భయపడటం లేదు.

మాధవరాయస్వామి గుడి గర్భాలయం ఖాళీగా ఉన్నది. స్వామిని మైదుకూరుకు తీసుకుపోయారని ఇక్కడివాళ్ళంటారు. మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలన్నీ పోగు చేయించి ఫిరంగులు పోతపోయటానికి ఒక ఫ్రెంచివాడికిచ్చాడు. గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంత చేసినా కరగలేదని టావెర్నియర్ రాశాడు. చివరికి తయారైన ఫిరంగి ఒక్కటే, అది కూడా పరీక్షలో పగిలిందట. ఇప్పటి బాధ వేరు. రాయలసీమలో పాత గుళ్ళకూ కోటలకూ గుప్తనిధుల వేటగాళ్ళ పీడ ఉన్నది. రాత్రివేళ వచ్చి, లేని నిధి కోసం ఉన్న రాయిని పగలగొట్టిపోతారు. గండికోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది; అయినా ఇంత కోటకు రాత్రి కాపలా అంటే మాటలు కాదు.

చాలామంది గమనించని విషయం, ఈ కోట లోపల ఊరు ఇంకా ఉన్నది. మనుషులు కాపురాలు చేస్తున్నారు, గొర్రెలు తోలుకుంటున్నారు. ఒక ఇంటి అరుగు మీద వేరుశనక్కాయలు వలుస్తూ ఒక ముసలామె కూర్చుని ఉంటే అక్కయ్య పోయి పక్కన చేరింది. నాలుగు కాయలు తానూ అందుకుని వలవటం మొదలుపెట్టింది.

"ఇంత కోటలో ఉండారు. మీకు దొంగల భయం లేదు గదా అవ్వా?"

"కోట వాకిలి రాత్రీ పగలూ తెరిచే ఉంటాది గదమ్మా. యాడెయాడి జనమో వస్తాంటారు, పోతాంటారు."

"మరి తాళం ఏసుకుంటారా?"

"ఏసుకుంటాం. నేను కూతురింటికి పోతే బీగం చెవి ఆ ఎదురింటి కోడలికి ఇచ్చిపోతా. పొద్దున్నే నా వాకిట్లో గూడా ఆ పాపే నీళ్ళు చల్లుతాది. వాకిలి పొడిగా ఉంటే ఇంట్లో మనిషి లేదని తెలిసిపోతాది గదా."

ఆ చివరి మాటకు అక్కయ్య చేతిలో కాయ ఆగిపోయింది. తిరుపతి పోయిన ఆ మూడు రోజులు వాళ్ళ వాకిట్లో ముగ్గు లేదు. పాలపాకెట్లు గేటుకు వేలాడుతూనే ఉన్నాయి. పోతే, మా మేనల్లుడు కొండ మీద తీసిన ఫొటో ఒకటి ఫోనులో బంధువులందరికీ పంపించాడు. అది ఎవరి నుంచి ఎవరికి పోయిందో దేవుడికెరుక.

వెనకటికి పల్లెలకు తలారులుండేవారు. కావలి అనే పేరుతో పాళెగాళ్ళు గ్రామాల నుంచి రుసుము తీసుకునేవారు. కాపాడినందుకు కొంత, తామే దోచకుండా ఉన్నందుకు కొంత అని సరసంగా చెప్పుకునేవారు. 1800లో ఈ సీమ కుంపిణీ చేతికి వచ్చినప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడుండి ఆ పాళెగాళ్ళ పెత్తనాన్ని అణిచాడు. 1859లో మద్రాసు రాష్ట్రానికి పోలీసు చట్టం వచ్చింది. అంతా మంచిదే. కాని ఎదురింటి కోడలి పని ఏ చట్టమూ చెయ్యలేదు.

తిరుగుదారిలో ఆటోలో నేను ఒక సంగతి చెప్పాను. ఇంగ్లండులో రాచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అనే పేటలో దొంగతనాలు విపరీతంగా ఉండేవి. 1980ల్లో అక్కడ లెక్కలు తీసి చూస్తే, ఒకసారి దొంగలు పడిన ఇంట్లోనే మళ్ళీ దొంగలు పడటం మిగతా ఇళ్ళకన్నా చాలా ఎక్కువగా కనిపించింది. తరువాత ఇతర చోట్ల చూసినా అంతే. అదీ ఎక్కువగా మొదటి కొద్ది వారాల్లోనే. దొంగకు దారి తెలుసు, ఎక్కడ ఏమున్నదో తెలుసు, పోయిన సామాను ఇంటివాళ్ళు మళ్ళీ కొంటారనీ తెలుసు. కిర్క్‌హోల్టులో చేసిన పనులు పెద్దవేమీ కావు. దొంగలు పడిన ఇంటి తలుపులు గట్టి చేశారు; గ్యాసుకూ కరెంటుకూ నాణేలు వేసే మీటర్లు ఇళ్ళలో ఉండేవి, వాటిని తీసేశారు; ఆ ఇంటి చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ళవాళ్ళను ఆ ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమన్నారు. దొంగతనాలు బాగా తగ్గిపోయాయి.

బావగారు చాలాసేపు రోడ్డు చూస్తూ కూర్చున్నారు. "అంటే వాడు మళ్ళా వస్తాడంటావు."

"రావచ్చు. వస్తే ఆ వెనక తలుపుకే వస్తాడు."

జమ్మలమడుగులో దిగగానే నేరుగా ఇనుప సామాను దుకాణానికి పోయాము. నాలుగంగుళాల మరలు తీసుకున్నాము. మర్నాడు వడ్రంగి వచ్చి ద్వారబంధాన్ని దాటి గోడలోకి దిగేటట్టు వాటిని బిగించాడు. వెనక తలుపుకు లోపలి పక్క అడ్డంగా గడిమాను పెట్టాలని బావగారి పట్టుదల. పాత బండి నొగ కొట్టంలో పడి ఉంటే దానినే కోయించారు. రెండు పక్కలా గోడలో తొర్రలు తొలిపించి రాతిపలకలు పెట్టించారు. గవాక్షానికి కమ్మీలు, పెరట్లో ఒక దీపం. బీరువా తాళంచెవి క్యాలెండరు కిందనుంచి ఎక్కడికి పోయిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నగల సంగతి బ్యాంకులో మళ్ళీ అడిగి వచ్చాము. రిజర్వుబ్యాంకు 2022 జనవరి నుంచి పెట్టిన నిబంధన ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం వంటి కారణాల వల్ల లాకరులోని వస్తువులు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల దాకా ఉంటుంది. ఏడాదికి రెండు వేలు కట్టేవారికి రెండు లక్షలన్న మాట. బంగారం ధరకు అది ఏ మూలకు? అయినా ఇంట్లో బియ్యం డబ్బా కన్నా నయం. ఒక్కొక్క నగను ఫొటో తీసి, తూకం రాసి, బిల్లులతో కలిపి అక్కయ్య ఒక కవరులో పెట్టింది. ఆ కవరు కూడా ఇంట్లో కాదు, మా ఇంట్లో, కర్నూలులో ఉన్నది. పెళ్ళికి మూడు రాత్రుల బదులు ఒక్క రాత్రే నగలు ఇంట్లో ఉంచాలనీ, ఆ రాత్రి మగపిల్లలు ఇద్దరు వెనక వసారాలో పడుకోవాలనీ తేల్చుకున్నారు.

ఊరికి పోయేవాళ్ళ ఇళ్ళలో కదలిక పసిగట్టే కెమెరా పెట్టి స్టేషను నుంచి చూసుకునే ఏర్పాటు ఒకటి ఆంధ్రప్రదేశ్ పోలీసులు కొన్నేళ్ళ కిందట ప్రవేశపెట్టారు. ప్రయాణానికి ముందు స్టేషనులో అడిగి చూడటం మంచిది. దొంగతనం జరిగిందని తెలిస్తే 112కు ఫోను చెయ్యాలి. పోలీసులు వచ్చేదాకా ఏ వస్తువూ ముట్టుకోకూడదు. మా అక్కయ్య పాపం ఇల్లంతా ఊడ్చి, బీరువా తుడిచి, ఆ తరువాత ఫోను చేసింది. ఏ ఆడది మాత్రం అట్లా చిందరవందరగా ఉన్న ఇంటిని చూస్తూ కూర్చుంటుంది?

బావగారు పనిమనిషితో ఏం మాట్లాడారో నాకు తెలియదు. సోమవారం సాయంత్రం ఆమె అంట్లు తోముతుంటే బాయి దగ్గరికి పోయి నిలబడ్డారు. కాసేపటికి తిరిగివచ్చి పేపరు తీసుకుని కూర్చున్నారు. వెనక తలుపు కొత్త తాళానికి చెవులు మూడు వచ్చాయి. ఒకటి బావగారి మొలతాడుకు, ఒకటి ఎదురింటికి. మూడోది మర్నాడు పొద్దున ఆమె కొంగున ముడివేసి ఉన్నది.

గురువారం మొదటి శుభలేఖ స్వామి పాదాల దగ్గర పెట్టటానికి అక్కయ్యా బావగారూ మైదుకూరు బస్సెక్కారు. గండికోట మాధవరాయుడు అక్కడే ఉన్నాడని కోటలో అవ్వ చెప్పింది గదా. చీకటి పడినదాకా ఇంట్లో ఎవరూ ఉండరు. నేను కర్నూలు బస్సు కోసం సంచి పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి పాప వీళ్ళ వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేస్తున్నది. చుక్కలు లెక్క తప్పాయేమో, చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది.